ఎ.డి. అంటే ఏమిటి?

ప్రభుత్వ కార్యాలయంలో ఎ.డి. అంటే అసిస్టెంట్ డైరెక్టర్. చరిత్ర పుస్తకంలో సంవత్సరం పక్కన అవే అక్షరాలు కనిపిస్తే చాలామంది విద్యార్థులు 'ఆఫ్టర్ డెత్', అంటే క్రీస్తు మరణానంతరం అని చదువుతారు. ఇది పొరపాటు. ఇవి 'ఆనో డొమిని' అనే లాటిన్ మాటల తొలి అక్షరాలు. 'ప్రభువు సంవత్సరంలో' అని అర్థం. తెలుగులో క్రీస్తు శకం (క్రీ.శ.) అంటున్నాం. లెక్క క్రీస్తు జననంతో మొదలవుతుంది. మరణంతో మొదలైతే ఆయన జీవించిన సుమారు ముప్పై ఏళ్లు క్రీస్తు పూర్వంలోనూ చేరవు, క్రీస్తు శకంలోనూ చేరవు.

రోమ్‌లోని డయొనీసియస్ ఎక్సిగస్ అనే సన్యాసి 525లో ఈస్టర్ తేదీల పట్టికలు తయారుచేస్తూ ఈ పద్ధతిని ప్రవేశపెట్టాడు. అంతకుముందు పట్టికలలో వాడిన శకం క్రైస్తవులను హింసించిన డయోక్లీషియన్ చక్రవర్తి పేరున ఉండటం ఆయనకు నచ్చలేదు. ఇంగ్లండులో బీడ్ 731లో ముగించిన చర్చి చరిత్ర ఈ పద్ధతికి ప్రచారం తెచ్చింది.

ఈ లెక్కలో సున్నా సంవత్సరం లేదు. క్రీ.పూ. 1 తరవాత వచ్చేది క్రీ.శ. 1. కాబట్టి క్రీ.పూ. సంఖ్యను, క్రీ.శ. సంఖ్యను కూడి ఒకటి తీసివేయాలి. క్రీ.పూ. 27 నుంచి క్రీ.శ. 14 వరకు పాలించిన ఆగస్టస్ కాలం 41 కాదు, 40 సంవత్సరాలు.

ఇటీవలి గ్రంథాలలో మతంతో నిమిత్తం లేకుండా సామాన్య శకం (సా.శ.) అని రాస్తున్నారు. అంకె మారదు. అయితే దీనిని శాలివాహన శకం (శా.శ.) అని పొరబడితే కాలం 78 ఏళ్లు తప్పుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: జూలియస్ సీజర్ హత్య (క్రీ.పూ. 44) నుంచి ఆగస్టస్ మరణం (క్రీ.శ. 14) వరకు ఎన్ని సంవత్సరాలు?