ఒక భాగహారం కథ

నేటి బెల్జియంలోని గెంట్ నగరంలో 1796లో పుట్టిన అడాల్ఫ్ కెత్లే ఖగోళ శాస్త్రజ్ఞుడు. ఒకే నక్షత్రం స్థానాన్ని పదిసార్లు కొలిస్తే పది కొలతలూ కొద్దికొద్దిగా తేడా పడతాయనీ, వాటి సగటు నిజానికి దగ్గరగా ఉంటుందనీ ఆ శాస్త్రం ఆయనకు నేర్పింది. అదే చూపుతో మనుషులను చూశాడు. జననాలు, మరణాలు, నేరాలు, ఎత్తు, బరువు అన్నింటినీ పట్టికలకెక్కించి, 1835లో వెలువరించిన గ్రంథంలో 'సగటు మనిషి' అనే భావనను నిలబెట్టాడు.

నేడు బి.ఎం.ఐ. అని మనం పిలిచే లెక్కకు మూలం ఆ కృషిలోనే ఉంది. శరీరం పొడవు, వెడల్పు, మందం ఒకే నిష్పత్తిలో పెరిగితే బరువు ఎత్తు ఘనాన్ని అనుసరించాలి. పెద్దవాళ్లలో మాత్రం అది దాదాపు ఎత్తు వర్గాన్ని అనుసరిస్తున్నదని కెత్లే 1832లో గుర్తించాడు. కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తు వర్గంతో భాగించడం ఇందులోంచే వచ్చింది. స్థూలకాయం ఆయన వెతికిన విషయం కాదు. జనసమూహం ఎలా ఉంటుందన్నదే ఆయన ప్రశ్న.

ఇరవయ్యో శతాబ్దంలో బరువుకూ ఆయుష్షుకూ ముడిపెట్టి చూసినవి అమెరికా జీవిత బీమా సంస్థలు. 1940లలో మెట్రోపాలిటన్ లైఫ్ ప్రకటించిన 'ఆదర్శ బరువు' పట్టికలను వైద్యులు ప్రమాణంగా తీసుకున్నారు. ఆ పట్టికలకు ఆధారం బీమా కొనగలిగినవారి వివరాలే. మనిషి చిన్న, మధ్యస్థ, పెద్ద కాయాల్లో దేనికి చెందుతాడో తేల్చే సరైన కొలత కూడా వాటిలో లేదు.

మిన్నెసోటా విశ్వవిద్యాలయ శరీరధర్మ శాస్త్రజ్ఞుడు ఆన్సెల్ కీస్‌కు ఆ పట్టికలు నచ్చలేదు. అయిదు దేశాలకు చెందిన ఏడు వేలకు పైగా మగవారి కొలతలను పరిశీలించి, అప్పటికి వాడుకలో ఉన్న సూచికలను చర్మపు మడతల మందంతో పోల్చాడు. కెత్లే భాగహారమే మెరుగనిపించింది. 1972లో దానికి 'బాడీ మాస్ ఇండెక్స్' అని పేరు పెట్టాడు. ఆ మగవారిలో భారతీయులు లేరు. స్త్రీలు అసలే లేరు.

అదే 1972లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ ఆధ్వర్యంలో జాతీయ పోషకాహార పర్యవేక్షణ మండలి ఏర్పడింది. తరువాతి కాలంలో దాని గ్రామీణ సర్వేలు పెద్దల్లో 18.5 కంటే తక్కువ బి.ఎం.ఐ.ని దీర్ఘకాలిక శక్తి లోపానికి గుర్తుగా తీసుకున్నాయి. త్రాసు, ఎత్తు కొలిచే కడ్డీ ఉంటే చాలు, ఏ పల్లెలో ఆకలి ఎంతగా ఉందో అంచనాకు అందేది. రక్తపరీక్ష చేయించే స్తోమత లేని ఊళ్లకు ఇది చేసిన మేలు చిన్నది కాదు. సమూహం గురించి అడిగితే ఈ అంకె నమ్మకంగా జవాబిచ్చింది.

ఒక్క మనిషి గురించి అడిగినప్పుడే చిక్కు వచ్చింది. పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ తమనే ఉదాహరణగా చూపుతూ 2004లో లాన్సెట్ పత్రికలో రాశారు. ఇద్దరి బి.ఎం.ఐ. 22.3. శరీరంలో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. కండ ఎంతో కొవ్వెంతో, ఆ కొవ్వు పొట్ట చుట్టూ చేరిందో మరోచోట ఉందో భాగహారం చెప్పలేదు. ఈ తేడా పుట్టుకతోనే మొదలవుతుందని యాజ్ఞిక్ బృందం చూపింది. పుణె ప్రాంతపు శిశువుల సగటు బరువు 2.7 కిలోలు, ఇంగ్లండులోని సౌథాంప్టన్ శిశువులది 3.5 కిలోలు. మన పిల్లల్లో తగ్గినది ఎక్కువగా కండ. చర్మం కింది కొవ్వు అంతగా తగ్గలేదు.

అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2004లో ఆసియా ప్రజల విషయంలో బి.ఎం.ఐ. 25 దాకా ఆగకుండా 23 దగ్గరే జాగ్రత్త పడాలని సూచించారు. భారతీయ వైద్యులు దీనికి నడుము చుట్టుకొలతను జోడించారు. మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటితే ప్రమాద సూచన.

2025 జనవరిలో స్థూలకాయంపై నివేదిక ఇచ్చిన లాన్సెట్ కమిషన్, బి.ఎం.ఐ.ని ప్రధానంగా జనాభా స్థాయి అంచనాకూ, తొలి వడపోతకూ వాడమంది. ఒక వ్యక్తికి రోగముందని తేల్చాలంటే నడుము కొలతో, కొవ్వు పరీక్షో చేసి, అవయవాల పనితీరు కూడా చూడాలంది. 193 ఏళ్ల తర్వాత కెత్లే అంకె మళ్లీ ఆయన ప్రశ్న దగ్గరికే చేరింది. పరీక్ష గదిలో త్రాసు దిగిన మనిషికి, బి.ఎం.ఐ. 22 వచ్చినా సరే, నడుముకు టేపు చుట్టి చూడడం వైద్యుడి బాధ్యత.