అమీర్‌పేట నుంచి మేడారానికి నడుద్దామా?

పోయిన ఆదివారం పంజాగుట్టలో టీ తాగుతుంటే మనోళ్ళ మధ్య ఒక లొల్లి నడిచింది. వచ్చే జాతరకి హైదరాబాద్ నుంచి మేడారం దాకా పాదయాత్ర చేద్దామంటే అందరూ ఒప్పుకున్నరు. ఎక్కడ మొదలుపెట్టాలన్న కాడనే పంచాయితీ. అమీర్‌పేట మెట్రో కింద అని ఒక తమ్ముడు, కోచింగ్ కోసం వచ్చిన మన పిల్లలంతా అక్కడే ఉంటరని. బంజారాహిల్స్‌ల కుమ్రం భీం ఆదివాసీ భవన్ అని ఒక అక్క. 2022 సెప్టెంబర్ 17న ప్రారంభమైంది, పేరు మనది, ఫొటో కూడా మంచిగ వస్తదని. నేను అక్కడ గట్టిగ ఏం చెప్పలేకపోయిన. రూముకొచ్చి రాస్తున్న.

మేడారం అంటే అందరికీ గద్దెలే కనిపిస్తయి. కానీ ఆ గద్దెల మీదికి దేవతలు ఒక్క దారిన రారు. సమ్మక్క తల్లి చిలకలగుట్ట నుంచి, సారలమ్మ కన్నెపల్లి నుంచి, గోవిందరాజు కొండాయి నుంచి, పగిడిద్దరాజు పూనుగొండ్ల నుంచి వస్తరు. పూనుగొండ్ల ఇప్పుడు మహబూబాబాద్ జిల్లా గంగారం మండలంల ఉంది. అక్కడి నుంచి పెనక వంశం పూజారులు పగిడిద్దరాజును తీసుకొని అడవిల కాలినడకన బయలుదేరుతరు. కథ ప్రకారం ఆయన సమ్మక్క భర్త, కాకతీయ ప్రతాపరుద్రునికి కప్పం కట్టనన్నోడు. యుద్ధంల చెదిరిపోయిన ఇంటోళ్ళు రెండేళ్ళకోసారి మళ్ళ ఒక కాడ కలుసుకుంటున్నట్టు నాకనిపిస్తది. అందుకే ఎవరి ఊరి నుంచి వాళ్ళే రావాలె. పూనుగొండ్లను తీసేస్తే ఆ కథల ఒక మనిషి తక్కువైతడు.

ఆదిలాబాద్ వైపు సంగతి ఇంకో తీరు. నాగోబా జాతరకి మెస్రం వంశస్థులు నడిచేది గుడి దిక్కు కాదు, ముందు గుడి నుంచి బయటికి. పుష్య మాసం నెలవంక చూశాక పనులు మొదలుపెట్టి, కేస్లాపూర్ నుంచి ఝరి పట్టుకొని చెప్పుల్లేకుండ ఊరూరు దాటుకుంట జన్నారం మండలం కలమడుగు కాడ హస్తిన మడుగుకు పోతరు. గోదావరి నీళ్ళు ముంచుకొని తిరిగి ఇంద్రవెల్లిల ఇంద్రాదేవికి పూజ చేసి, కేస్లాపూర్ మర్రిచెట్ల కింద బస చేస్తరు. పుష్య అమావాస్య రాత్రి ఆ నీళ్ళతోనే అభిషేకం. అంటే మొదలూ అక్కడే, చివరా అక్కడే. గోదావరి చూడాలంటే బస్సెక్కితే చాలు గదా అని అడిగేటోళ్ళకి ఝరి సంగతి చెప్పాలె. అది కేస్లాపూర్‌ల ఉంటది కాబట్టి నడక కేస్లాపూర్‌ల మొదలైతది.

రెండు కాడల కూడా నడిచేటోళ్ళు తమకు వీలైన చోటు ఎంచుకోలే. మోసుకపోవాల్సింది ఎక్కడుంటే అక్కడి నుంచి లేచిన్రు. మరి అమీర్‌పేటల మన చేతుల ఏముంది? స్టడీ మెటీరియల్, హాల్ టికెట్. తమాషాకు అంటున్న, కోపం చేసుకోకుండ్రి. ఉప్పల్ దాటి, భువనగిరి, జనగామ, వరంగల్, ములుగు మీదుగా రెండు వందల కిలోమీటర్లు దాటిన రోడ్డు, పక్కన లారీలు. నడవగలం. నడిస్తే నలుగురికి మన జాతర సంగతి తెలుస్తది, అది తప్పు కాదు. దానికి పాదయాత్ర అని పేరు పెట్టుకుంటే మాత్రం, అసలు నడిచి వచ్చే పూనుగొండ్ల పేరు మన బ్యానర్ కింద పడిపోతదని నా భయం. ఇప్పటికే మన పిల్లల్లనే ఆ ఊరు తెలిసినోళ్ళు ఎందరు?

నా మాట ఇది. జాతరకి ముందే ఇద్దరం ముగ్గురం పూనుగొండ్ల పోయి పూజారి పెద్దలను అడుగుదాం. ఎనుక రమ్మంటే ఎనుక నడుద్దాం. వద్దంటే తాడ్వాయిల దిగి అందరి లెక్క అడవి దారిన పోదాం. ఆ ఊరోళ్ళు, కొండాయి దిక్కు వాళ్ళు ఈ గ్రూపుల ఉంటే చెప్పున్రి, ఎవరిని కలవాలె, ఎప్పుడు పోతే మంచిది.