నికొలో కోంతియు అతని భార్యయు

ఇటలీ దేశమనగానే మనకు మొదట జ్ఞాపకమునకు వచ్చునది రోమా పట్టణము. పౌలు బంధకములతో అక్కడికి చేరిన సంగతి మీరు అపొస్తలుల కార్యములలో చదివియున్నారు. అయితే ఆ దేశమందు చరిత్రకెక్కిన పట్టణములు ఇంకను అనేకములు గలవు. వాటిలో మూడింటిని మీకు చూపవలెనని కోరుచున్నాను. మనలను తోడుకొనిపోవువాడు నికొలో కోంతి అను వర్తకుడు. ఇతడు సుమారు 600 ఏండ్ల క్రిందట మన విజయనగరమును కన్నులార చూచినవాడు. భార్యాబిడ్డలను వెంటబెట్టుకొని సముద్రములు దాటినవాడు.

ఇతని స్వస్థలము కియోజ్జా. ఇది వెనిసుకు దక్షిణముగా ఉప్పునీటి కయ్య అంచున నున్న చిన్న పట్టణము. చేపలు పట్టుటయు ఉప్పు పండించుటయు ఆ కాలమున అక్కడి వారికి జీవనాధారము.

అక్కడనుండి పడవ యెక్కినయెడల వెనిసు చేరుదుము. ఈ నగరము వందకు పైగా చిన్న దీవులమీద, బురదలో దిగగొట్టిన కొయ్య మొలల ఆధారమున కట్టబడినది. వీధులకు బదులు కాలువలు, బండ్లకు బదులు పడవలు. 1846లో రైలు వంతెన కట్టువరకు ఒడ్డునుండి నడిచి వచ్చుటకు దారి లేదు. నగరమునకు శిరోభూషణము పరిశుద్ధ మార్కు దేవాలయము. సువార్తికుడైన మార్కు అవశేషములను 828లో వర్తకులు అలెగ్జాండ్రియానుండి తెచ్చిరని అక్కడివారి నమ్మకము. ఇప్పుడున్న కట్టడము 1063లో ఆరంభమై 1094లో ప్రతిష్ఠింపబడెను. మెదకు దేవాలయములో మీరు రంగుటద్దముల కిటికీలలో చూచిన సువార్త కథలు, అక్కడ బంగారుపూత గల గాజుముక్కలతో గోడలమీదను గుమ్మటములలోను కూర్పబడియున్నవి.

చెరకు పండించిన మీకు ఇంకొక మాట చెప్పెదను. ఆ దినములలో వెనిసు వర్తకులు కుప్ర ద్వీపమునుండి చక్కెర తెచ్చి ఐరోపాలో అమ్మిరి. అది మందుల అంగడిలో కొద్దికొద్దిగా తూచి అమ్మబడిన విలువగల వస్తువు. 1937లో స్థాపింపబడి 2015లో మూతబడిన మన బోధను కర్మాగారములో బస్తాలు బస్తాలుగా చూచినది ఆ దేశపు సామాన్యునికి అరుదు.

కోంతి యౌవనమందే వ్యాపారార్థమై తూర్పునకు బయలుదేరి, దమస్కులో అరబ్బీ భాష నేర్చుకొనెను. అటుపిమ్మట ఎడారి వర్తకుల గుంపుతో కలిసి బాగ్దాదు, బస్రా మీదుగా వచ్చి, ఓడయెక్కి గుజరాతులోని ఖంబాతు రేవున దిగెను. పిమ్మట 1420 ప్రాంతమున విజయనగరము చేరెను. ఆ నగరపు చుట్టుకొలత 60 మైళ్లనియు, పండుగ దినములలో గుడులలో నువ్వులనూనె దీపములు రేయింబవళ్లు వెలిగెననియు, మరియొక పండుగలో దారినపోవు వారిమీద పసుపువన్నె నీళ్లు చల్లుకొనిరనియు అతడు చెప్పెను. మైలాపూరులో తోమా సమాధిగల దేవాలయమును, అక్కడి వెయ్యిమంది క్రైస్తవులను గూర్చియు తెలిపెను. తెలుగును తూర్పు దేశపు ఇటాలియను భాష యనుట మీరు వినియుందురు. ఆ పోలికను కొందరు ఈ కోంతికే ఆపాదింతురు.

అతడు సుమత్ర, బర్మా, జావాల వరకు తిరిగెను. తూర్పు దేశములలోనే అతనికి వివాహమై బిడ్డలు కలిగిరి. ఆ భార్య ఇంటియొద్ద నిలువక, పసివారితో కూడ భర్త ప్రయాణములలో పాలుపంచుకొనెను. ఆమె పేరు అతని వృత్తాంతమున వ్రాయబడలేదు.

సుమారు 25 ఏండ్లకు అతడు స్వదేశము చేర గోరి, కుటుంబముతో ఎర్రసముద్రము మీదుగా ఐగుప్తు పొలిమేరకు వచ్చెను. అక్కడ అతనికి గొప్ప శోధన కలిగెను. క్రీస్తును విడువుమని బలవంతము చేయబడగా, తన ప్రాణభయముకంటె భార్యాబిడ్డలకు రాగల అపాయమునకే యెక్కువగా వెరచి, అతడు తన విశ్వాసమును నోటితో త్రోసివేసెను. 1437లో పేరో తాఫూరు అను స్పెయిను దేశస్థుడు సీనాయి ప్రాంతమున ఈ కుటుంబమును కలిసికొనెను. అటుతరువాత ఐగుప్తులో తెగులు పుట్టి, ఆ భార్యయు ఇద్దరు బిడ్డలును మరణించిరి. ఎవరి ప్రాణము కొరకు అతడు ప్రభువును ఎరుగనని చెప్పెనో, ఆమె ప్రాణమే నిలువలేదు. భర్త పుట్టిన దేశమును చూడకమునుపే ఆమె ప్రయాణము ముగిసెను.

మిగిలిన బిడ్డలతో కోంతి ఇటలీ చేరెను. అక్కడనుండి మనము మూడవ పట్టణమైన ఫ్లోరెన్సుకు పోవుదము. ఆ నగర దేవాలయముమీద బ్రూనెల్లెస్కి అను శిల్పి 1420లో గుమ్మటము కట్టనారంభించెను. నేలనుండి కొయ్య ఆధారములు నిలుపకుండనే, ఇటుకలను ఒకదానికొకటి పట్టునట్లు వరుసలు పేర్చి, సుమారు 45 మీటర్ల వెడల్పుగల గుమ్మటమును లేపెను. 1436 మార్చి 25న పోపు నాలుగవ యూజీను ఆ దేవాలయమును ప్రతిష్ఠించెను. కోంతి తూర్పున తిరుగుచుండగా లేచిన కట్టడము అతడు తిరిగి వచ్చునప్పటికి ఆకాశమున నిలిచియుండెను.

ఫ్లోరెన్సులోనున్న ఆ పోపు నొద్దకే కోంతి వెళ్లి, తాను చేసినది ఒప్పుకొని క్షమాపణ వేడెను. జరిగినదంతయు దాచక చెప్పుటయే అతనికి ప్రాయశ్చిత్తముగా విధింపబడెనని తరువాతివారు చెప్పుదురు. పోపు కార్యదర్శియైన పోజ్జో బ్రాచోలీని ఆ వృత్తాంతమును విని లాటిను భాషలో వ్రాసి, 1448లో ముగించిన తన గ్రంథమున చేర్చెను. 1450 ప్రాంతమున వెనిసులో ఫ్రా మౌరో గీసిన ప్రపంచపటమునకును కోంతి చెప్పిన సంగతులు తోడ్పడెను. ఆ పటము నేటికిని వెనిసులో నున్నది.

చదువరులారా, అతడు మౌనముగా నుండినయెడల ఎవరికి తెలియును? సాక్షులు లేరు, భార్య మట్టిలో కలిసెను. అయినను అతడు దాచలేదు. పేతురు కోడి కూసిన తరువాత వెలుపలికి పోయి ఏడ్చెను. కాని శిష్యుల సహవాసమును విడిచిపోలేదు. పడినవాడు ఎక్కడికి రావలెనో ఈ ఇద్దరును మనకు చూపుచున్నారు.

మన నిజామాబాదు జిల్లానుండి దుబాయికి, మస్కటుకు, కువైటుకు పోయిన కుమారులు ఎందరో. నిజాంసాగరు కాలువ నీరు వచ్చినప్పుడు కోస్తానుండి భార్యాబిడ్డలతో చందూరు, వర్ని ప్రాంతములకు వచ్చి స్థిరపడిన కుటుంబములును మన మధ్య నున్నవి. దూరము పోయినవానికి ఒంటరితనము, అప్పు, యజమానుని భయము తెలియును. కూలి కొరకో, పెండ్లి కొరకో, ఇంటివారి బెదరింపు వలననో ప్రార్థన మానినవారు మన ఊళ్లలోను లేరా? అట్టివాడు ఒక ఆదివారము సిగ్గుతో వచ్చి చివరి చాపమీద కూర్చున్నప్పుడు, ఇన్నాళ్లు ఎక్కడ నుంటివని పదిమందిలో అడుగకుడి. ముందు చోటు చూపుడి. ఆరాధన ముగిసిన పిమ్మట అతనిని ఇంటికి పిలిచి, అన్నము పెట్టి, అతడు చెప్పుకొనునది ఓపికతో వినుడి.