సారథి లేని కారు – కొండదారి పాఠము

సారథి లేని కారు క్షేమముగా నడచునా? ఈ ప్రశ్నకు తిరుమల ఘాటురోడ్ల చరిత్రలో కొంత సమాధానము దొరకును.

1944 వరకు యాత్రికులు నడచియో, డోలీలలోనో కొండ ఎక్కెడివారు. ఆ ఏట మొదటి ఘాటురోడ్డు తెరచిరి. మూడు దశాబ్దములు ఎక్కుటకును దిగుటకును అదియే మోటారు మార్గము. 1974లో రెండవది వచ్చిన పిమ్మట పాతది దిగుటకు, క్రొత్తది ఎక్కుటకు ఏర్పడెను. మలుపున ఎదురుబండి భయము తొలగెను. నిర్ణీత కాలముకన్న ముందే గమ్యము చేరిన బండికి శిక్షయు ఏర్పాటైనది. అనగా, క్షేమమును డ్రైవరు నేర్పునకే విడువక, దారికే ఒక క్రమము నేర్పితిమి.

యంత్రసారథికి నిద్ర రాదు, తొందర లేదు. కాని మంచు క్రమ్మిన మలుపును, హఠాత్తుగా అడ్డమువచ్చు జింకను అది గుర్తింపవలెను. 2022లో హైదరాబాదు ఐ.ఐ.టి.లో ఇట్టి వాహనముల పరీక్షాక్షేత్రము ప్రారంభమైనది. అచట గెలిచినంత మాత్రమున కొండదారిలో గెలిచినట్లు కాదు. మరియు ప్రమాదము జరిగినచో బాధ్యుడెవరు? కూర్చున్నవాడా, తయారుచేసినవాడా? చట్టము దీనికి ముందుగా బదులు చెప్పవలెను. ఆ పిమ్మటనే మనము స్టీరింగు విడుచుట మేలు.