రాంచీలో జర్మన్ మిషన్ బడి: ఆదివాసీ చదువు చరిత్రలో ఒక అధ్యాయం

ఝార్ఖండ్ రాజధాని రాంచీ నగరంలో గోస్నర్ పేరుతో ఒక ఉన్నత పాఠశాల, ఒక కళాశాల ఉన్నాయి. బెతెస్ద పేరుతో ఒక బాలికల పాఠశాల కూడా ఉంది. వీటి వేర్లు 1845లో జర్మన్ క్రైస్తవ మిషనరీలు పెట్టిన బడి దగ్గర ఉన్నాయి. అక్కడ ముఖ్యంగా ఉరావ్, ముండా, ఖడియా ఆదివాసుల పిల్లలు చదువుకున్నారు. తెలుగు ప్రాంతపు ఆదివాసులమైన మనం ఈ చరిత్ర తెలుసుకోవడానికి రెండు కారణాలున్నాయి.

మొదటిది భాషా బంధుత్వం. ఉరావుల కురుఖ్ భాష గోండి, కోయ, కువి, కొలామి, తెలుగు భాషల కుటుంబానికి చెందినది. కురుఖ్‌లో 'ఏన్' అంటే నేను, 'నీన్' అంటే నీవు, 'ఖన్' అంటే కన్ను. ముండారి భాష మన సవర, గదబ భాషలకు దగ్గరి చుట్టం. రెండవది, వాళ్ల బడి ఎదుర్కొన్న ప్రశ్నలే ఈనాడు మన ఆశ్రమ పాఠశాలల ముందూ ఉన్నాయి. బడి ఎవరిది? అందులో ఎవరి భాష వినిపించాలి? చదువుకున్నవాడు తన వాళ్లకు దగ్గరవుతాడా, దూరమవుతాడా?

బడి పుట్టుక

బెర్లిన్‌లోని యోహానెస్ గోస్నర్ అనే పాదిరి పంపిన నలుగురు మిషనరీలు 1845 నవంబరు 2న రాంచీ చేరారు. వాళ్లు షాట్స్, బాట్ష్, బ్రాంట్, యాన్కె. మొదట వాళ్లు వేరే ప్రాంతానికి వెళ్లాలనుకున్నారు. కలకత్తాలో కూలి పనులు చేస్తున్న ఛోటానాగ్‌పుర్ ఆదివాసులను చూసి, వీళ్లది ఏ ఊరని అడిగి, ఆ ఊరికే బయలుదేరారని ఆ సంఘం వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. రాంచీలో తాము దిగిన చోటికి బెతెస్ద అని పేరు పెట్టుకున్నారు. బడి మొదట దిక్కులేని పిల్లలతో మొదలైంది.

అయిదేళ్ల దాకా ఆదివాసులెవరూ ఆ మతంలో చేరలేదు. 1850 జూన్‌లో నలుగురు ఉరావులు బాప్తిస్మం తీసుకున్నారు. ఆ తరువాత గ్రామాలకు గ్రామాలే కదిలాయి. 1855లో పెద్ద చర్చి కట్టారు. 1857 తిరుగుబాటులో మిషనరీలు కలకత్తాకు పారిపోయారు, మిషన్ ఆస్తులు దోపిడీకి గురయ్యాయి. తిరిగి వచ్చాక సంఘం మరింత పెరిగింది, దానితోపాటు బడీ పెరిగింది.

భూమి కోసం వచ్చినవాళ్లు

ఆదివాసులు అంత పెద్ద సంఖ్యలో ఎందుకు చేరారు? మతం ఒక్కటే కారణం కాదు. ముండాల్లో అడవి నరికి ఊరు కట్టిన వంశం వారికే ఆ భూమి మీద హక్కు. దాన్ని ఖుంట్‌కట్టి అంటారు. బయటి నుంచి వచ్చిన జాగీర్దార్లు, ఠికాదార్లు, వడ్డీ వ్యాపారులు ఆ హక్కును కాజేశారు. వెట్టి చేయించారు. అలాంటి బయటివాళ్లను అక్కడ 'దికు'లు అంటారు. 1831-32లో కోల్ తిరుగుబాటు వచ్చింది, అణచివేశారు. ఆ తరువాత పోరు కోర్టుకు చేరింది. కోర్టులో కాగితం కావాలి. కాగితం చదవడానికి అక్షరం కావాలి.

మిషన్ వాళ్లు అర్జీలు రాసిపెట్టారు, అధికారులతో మాట్లాడారు. తెల్లదొర వెనుక ఉంటే జమీందారు భయపడతాడన్న నమ్మకం పుట్టింది. ఆ విధంగా బడి, చర్చి, భూమి వ్యాజ్యం మూడూ కలిసిపోయాయి. మన ఏజెన్సీలో పట్టా చదవడం రాక భూమి పోగొట్టుకున్న కుటుంబాలను ఎరిగిన వారికి ఇది వెంటనే అర్థమవుతుంది.

గ్రామాల్లో చిన్న బడులు, కొన్ని కేంద్రాల్లో వసతి బడులు, రాంచీలో పెద్ద బడి, ఇలా మెట్లు మెట్లుగా ఈ చదువు విస్తరించింది. పల్లెలో ప్రార్థన నడిపించే ప్రచారకుడే చాలా చోట్ల పంతులు కూడా. అతను ఆదివాసే. సంఘానికి డబ్బు విదేశాల నుంచి మాత్రమే రాలేదు. అన్నం వండే ముందు ఇంటి ఇల్లాలు ఒక పిడికెడు బియ్యం తీసి పక్కన పెట్టేది. ఆ పిడికెడు బియ్యం ఛోటానాగ్‌పుర్ చర్చిల్లో ఈనాటికీ సాగుతున్న ఆచారం. 'మిషన్ వాళ్లు పెట్టిన బడి' అని ఒక్క మాటలో చెప్పినప్పుడు ఈ ఇల్లాళ్ల పాలు మరుగున పడిపోతుంది.

బడి విడిచిన విద్యార్థి

మిషన్‌తో తగవు కూడా భూమి దగ్గరే వచ్చింది. పోయిన భూములన్నీ తిరిగి కావాలని 'సర్దార్లు' అనే ముండా నాయకులు దశాబ్దాల పాటు ఉద్యమం నడిపారు. వారిలో క్రైస్తవులూ ఉన్నారు. సర్కారుతో తెంచుకునే దాకా వెళ్లడానికి మిషనరీలు సిద్ధపడలేదు. సర్దార్లు మిషన్‌కు దూరమయ్యారు.

ఆ రోజుల్లోనే ఒక ముండా కుర్రవాడు ఈ మిషన్ బడుల్లో చదివాడు. అతని పేరు బిర్సా. 1875లో పుట్టాడు. మొదట సల్గాలో జైపాల్ నాగ్ అనే పంతులు దగ్గర అక్షరాలు దిద్దాడు. తరువాత బుర్జు మిషన్ బడిలో, 1886 నుంచి 1890 వరకు చాయిబాసాలోని మిషన్ బడిలో చదివాడు. సర్దార్లను మిషనరీలు నిందించడం అతను సహించలేదు. ఎదురు మాట్లాడాడు, బడి నుంచి బయటపడ్డాడు. మిషన్ దొర, సర్కారు దొర ఒకే టోపీ పెట్టుకుంటారని అతను అన్నట్టు చెబుతారు. 1899 క్రిస్మస్ ముందు రోజు రాత్రి మొదలైన ఉల్‌గులాన్‌లో అతని అనుచరుల బాణాలు చర్చిల మీద కూడా పడ్డాయి. 1900 జూన్ 9న బిర్సా రాంచీ జైలులో మరణించాడు.

ఆ పోరాటం వృథా కాలేదు. 1908లో ఛోటానాగ్‌పుర్ కౌలు చట్టం వచ్చింది. మనకు 1/70 చట్టం ఎలాంటిదో వారికి అది అలాంటిది. ఆ చట్టం వెనుక బిర్సా తిరుగుబాటు ఒత్తిడితోపాటు హాఫ్‌మన్ అనే కాథలిక్ మిషనరీ కృషి కూడా ఉంది. మిషన్ బడి ఆదివాసులకు మేలు చేసిందా, కీడు చేసిందా అన్న ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు దొరకకపోవడానికి ఇదే కారణం.

చీలిక, ఇంకొక బడి

1869లో మిషన్ రెండుగా చీలింది. పాత మిషనరీల్లో కొందరు తమ వెంట ఉన్న ఆదివాసులతో ఆంగ్లికన్ చర్చిలో చేరారు. ఆంగ్లికన్లు రాంచీలో సెయింట్ పాల్స్ పాఠశాల నడిపారు. ఖుంటి దగ్గర టక్రా గ్రామంలో 1903లో పుట్టిన జైపాల్ సింగ్ ముండా అక్కడే చదివాడు. ఆ బడి ప్రిన్సిపాల్ కాస్‌గ్రేవ్ అతన్ని ఇంగ్లండుకు తీసుకువెళ్లాడు. జైపాల్ ఆక్స్‌ఫర్డులో చదివాడు. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో భారత హాకీ జట్టుకు కెప్టెన్. ఆ పోటీల్లో మన దేశానికి బంగారు పతకం వచ్చింది. 1939లో ఆదివాసీ మహాసభ అధ్యక్షుడయ్యాడు. 1946 డిసెంబరులో రాజ్యాంగ సభలో నిలబడి, తాను అడవి మనిషినని గర్వంగా చెప్పాడు. ఆదివాసులకు ఎవరూ ప్రజాస్వామ్యం నేర్పనక్కరలేదని, వారి దగ్గరే అది నేర్చుకోవాలని అన్నాడు.

బిర్సా మిషన్ బడి విడిచి నాయకుడయ్యాడు. జైపాల్ మిషన్ బడి మెట్లెక్కి నాయకుడయ్యాడు. ఇద్దరూ తమ జాతి తరఫునే నిలబడ్డారు.

యాజమాన్యం ఆదివాసుల చేతికి

మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. జర్మనీ శత్రు దేశం కావడంతో 1915లో జర్మన్ మిషనరీలను బ్రిటిష్ ప్రభుత్వం ఇక్కడ ఉండనివ్వలేదు. డబ్బు రావడం ఆగిపోయింది. ఇక సంఘం, బడులు చెదిరిపోతాయని కొందరు అనుకున్నారు. చెదరలేదు. 1919 జూలై 10న తమ చర్చి స్వతంత్రమైనదని ఆదివాసీ క్రైస్తవులు ప్రకటించుకున్నారు. పిల్లలకు పాఠం చెప్పడమే కాదు, జీతాలు చూడడం, లెక్కలు రాయడం, సమావేశాలు నడపడం కూడా వారి బాధ్యత అయింది. దేశానికి స్వాతంత్ర్యం రావడానికి 28 ఏళ్ల ముందే ఒక పెద్ద సంస్థను ఆదివాసులు తమ చేతుల్లోకి తీసుకున్నారన్న సంగతి మన పాఠ్యపుస్తకాల్లో కనబడదు. ఈ బడుల్లో చదివిన తరం నుంచే ఛోటానాగ్‌పుర్ ఉన్నతి సమాజ్ పుట్టింది, ప్రత్యేక రాష్ట్రం కోరిక పుట్టింది. 2000 నవంబరు 15న, బిర్సా పుట్టినరోజున, ఝార్ఖండ్ రాష్ట్రం ఏర్పడింది.

భాష సంగతి

మిషనరీలు ఆదివాసీ భాషలు నేర్చుకున్నారు. నాట్రాట్ ముండారి వ్యాకరణం రాశాడు, బైబిలును ముండారిలోకి తెచ్చాడు. హాన్ కురుఖ్ వ్యాకరణాన్ని, నిఘంటువును కూర్చాడు. అయితే బడిలో పాఠం మాత్రం హిందీలో సాగింది. ప్రార్థనకు, పాటకు పనికొచ్చిన అమ్మ భాష గణితానికి, చరిత్రకు పనికిరానిదైంది. అఖ్డాలో ఆట, డప్పు, పండుగ పాటలు చాలాకాలం నిషిద్ధాలుగానే ఉన్నాయి. చదువుకున్న క్రైస్తవ ఆదివాసులకు, చదువు అందని సర్నా ఆదివాసులకు మధ్య ఎడం పెరిగింది. ఆ ఎడం నేటికీ రాజకీయమవుతోంది.

దీన్ని సరిదిద్దే ప్రయత్నం కూడా లోపలి నుంచే వచ్చింది. 1971లో గోస్నర్ కళాశాల మొదలైనప్పుడు దాని వ్యవస్థాపక ప్రిన్సిపాల్ నిర్మల్ మింజ్. ఆయన ఉరావ్, కురుఖ్ రచయిత. ఆదివాసీ భాషలను కళాశాల చదువులోకి తెచ్చాడు. కురుఖ్ భాషకు చేసిన సేవకు సాహిత్య అకాడమీ ఆయనకు భాషా సమ్మాన్ ఇచ్చింది. అమ్లేసాలోని లూథరన్ మిషన్ బడిలో అక్షరాలు నేర్చిన రామ్‌దయాల్ ముండా క్రైస్తవుడు కాలేదు. రాంచీ విశ్వవిద్యాలయంలో ఆదివాసీ భాషల విభాగాన్ని నిలబెట్టాడు, వైస్ చాన్సలర్ అయ్యాడు, పండుగలో డప్పు భుజాన వేసుకుని ఆడాడు.

మనం తీసుకోవలసినది

తెలుగు నేల మీద కూడా ఇలాంటి ఆలోచన చేసినవారున్నారు. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులు సవర నేర్చుకుని, సవరలో వాచకాలు రాసి, సవర పిల్లలకు బడి పెట్టారు. 2004 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిది గిరిజన భాషల్లో మాతృభాషా బోధన మొదలుపెట్టింది. పుస్తకాలు వచ్చాయి. వాటిని నిలబెట్టే పని ఉపాధ్యాయుల మీద, ఊరి మీద ఉంది.

మిషన్ బడి అయినా, ఆశ్రమ బడి అయినా, ప్రైవేటు బడి అయినా, దాన్ని పెట్టినవాడి ఉద్దేశం ఒకటి, అందులో చదివినవాడు చేసుకున్న ఉపయోగం మరొకటి. రాంచీ బడి మతం కోసం పెట్టినది. ఆదివాసులు దాన్ని భూమి కోసం, తమ పాలన కోసం, చివరికి తమ భాష కోసం వాడుకున్నారు. దీనికి సుమారు 125 ఏళ్లు పట్టింది. అంతకాలం మనం ఆగనవసరం లేదు.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక పని సూచిస్తున్నాను. మీ బడి ఏ సంవత్సరం మొదలైంది, స్థలం ఎవరిచ్చారు, మొదటి పాక ఎవరు కట్టారు, మొదట చదివిన ఆడపిల్ల ఏ ఊరిది, మొదటి ఆదివాసీ పంతులు ఎవరు? హాజరు పట్టీలు చూడండి, ఊరి పెద్దలను అడగండి, పిల్లల చేత రాయించండి. వీలైతే వాళ్ల అమ్మ భాషలోనే రాయించండి. రాంచీ బడి కథ మనకు తెలిసిందంటే ఎవరో ఒకరు అప్పట్లో రాసిపెట్టబట్టే.