ఉప్పెన చరిత్ర – 3: పల్లంలో ఎవరున్నారు?

గత భాగంలో 1864 నవంబర్ 1 రాత్రి మచిలీపట్నాన్ని ముంచిన ఉప్పెన గురించి రాశాను. దాదాపు 30 వేల మంది పోయారు. "సముద్రానికి కులం ఏంటండీ, అందరూ పోయారు కదా" అని ఒక మిత్రుడు ఇన్‌బాక్సులో అడిగాడు. అడగాల్సిన ప్రశ్నే. దానికి జవాబు 1977 దివిసీమ నుంచి చెబుతాను. అది మా ఇంటి కథ కూడా.

1977 నవంబర్ 19, శనివారం. వరి కోతకొచ్చిన రోజులు. ఆ సాయంత్రం తుఫాను చీరాల దగ్గర తీరం దాటింది. మరి చచ్చింది దివిసీమ ఎందుకు? మన తీరానికి వచ్చే తుఫానులో గాలి గడియారం ముల్లుకు ఎదురు దిక్కున తిరుగుతుంది. అందుకే తీరం దాటిన చోటుకు కుడి పక్కన గాలి సముద్రాన్ని నేల మీదికి నెడుతుంది. ఆ కుడి పక్కనే దివిసీమ ఉంది. కృష్ణ రెండు పాయల మధ్య బల్లపరుపు నేల. దాదాపు 5 మీటర్ల ఎత్తున నీళ్లు లేచి, కిలోమీటర్ల కొద్దీ లోపలికి వచ్చాయి. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి లాంటి ఊళ్ల పేర్లు దేశానికి తెలిసింది శవాల లెక్కతోనే. ప్రభుత్వ లెక్క పది వేల దగ్గర ఆగింది. 14 వేలు దాటారనే వాళ్లూ ఉన్నారు.

ఇక్కడిదాకా ప్రకృతి. ఇక మనుషుల సంగతి చూద్దాం.

మా ఊళ్లో మెరక మీద ఊరు, పల్లంలో మా పల్లె. డ్రైను గట్టుకు ఆనుకుని తాటాకు ఇళ్లు, మట్టి గోడలు. అక్కడ ఇల్లు కట్టుకోవాలని మా తాతలు ఎంచుకోలేదు. మిగిలిన చోటు అదే. తీరం వెంట మత్స్యకారుల పాకలు, కాలవల పక్కన యానాదుల గుడిసెలు కూడా అలాగే ఉండేవి. రేడియోలో తుఫాను హెచ్చరిక వచ్చింది. కానీ పల్లెలో రేడియో ఎవరింట్లో ఉంది? విన్నా, ఎక్కడానికి డాబా ఎవరికుంది?

మా నాయనమ్మ చెప్పేది: "నీళ్లు నల్లగా గోడలాగా లేచొచ్చినయ్‌రా అబ్బాయ్. మీ నాన్నను చంకనేసుకుని ఆసామి డాబా ఎక్కాను. ఆ రాత్రి ఎవరూ ఎవర్నీ అంటుకోవద్దని అనలేదు. అందరం ఒకళ్లనొకళ్లం పట్టుకునే కూర్చున్నాం." ఆమె చెల్లెలు, ఆ పిల్ల ఇద్దరు బిడ్డలు ఆ మెట్ల దాకా రాలేకపోయారు.

మూడో రోజుకు మంచినీళ్లు వచ్చాయి. వాటితో పాటే కులం కూడా తిరిగొచ్చింది. ఊరివాళ్లు పట్టుకున్నాక మాకు పైనుంచి పోశారు. సీమలో లక్షల పశువులు చచ్చిపడున్నాయి. మా ఊళ్లో ఆ కళేబరాలు లాగడానికి పిలిచింది మా పేట మగాళ్లనే. సొంత బిడ్డల శవాలు ఇంకా దొరకనివాళ్లు ఊరి గేదెల్ని ఈడ్చారు. చరిత్ర పుస్తకంలో ఈ లైను మీకు దొరకదు. మా నాయనమ్మ నోట్లో దొరికింది.

ఇది మా ఒక్క ఊరి కోపం అనుకోకండి. 2004 సునామీ తర్వాత తమిళనాడు తీరంలో సహాయ శిబిరాల్లో దళితులను విడిగా ఉంచిన సంగతిని మానవ హక్కుల సంస్థలు నమోదు చేశాయి.

చావులు తలరాత కావని కూడా మన తీరమే చూపించింది. 1990 మే 9న దాదాపు అంతే బలమైన తుఫాను మళ్లీ కృష్ణ ముఖద్వారం దగ్గరే తాకింది. ఈసారి ముందే లక్షన్నర మందికి పైగా తరలించారు. అధికారిక లెక్కలో మరణాలు వెయ్యి లోపే. పదమూడేళ్లలో సముద్రం మంచిదైపోలేదు. హెచ్చరిక మనుషుల దాకా చేరింది, తుఫాను షెల్టర్లు లేచాయి.

ప్రాణం దక్కాక బతుకు సంగతేంటి? 1977లో ఉప్పునీళ్లు నిలిచిన పొలంలో కూలి లేదు. మా తాత విజయవాడ వెళ్లి రిక్షా తొక్కాడు. ఇప్పటికీ తుఫాను వస్తే పంట నష్టం లెక్క పట్టాదారు పేరుతో మొదలవుతుంది. దున్నింది, నాటింది, అప్పు తెచ్చింది కౌలుదారు. 2019 చట్టం ప్రకారం సాగు హక్కు పత్రం కావాలన్నా భూమి యజమాని సంతకం పెట్టాలి. పెట్టేవాళ్లు ఎంతమందో మీ ఊళ్లో మీరే లెక్కేసుకోండి. ఇక కోత కూలి పోగొట్టుకున్న ఆడమనిషి పేరు పంట నష్టం జాబితాలో వెతకండి. ఉండదు.

కాబట్టి మిత్రమా, సముద్రానికి కులం లేదు, ఒప్పుకుంటాను. మెరక ఎవరిది, పల్లం ఎవరిది అని పంచింది మాత్రం సముద్రం కాదు. వచ్చే నవంబర్ లోపు మీ మండల ఆఫీసులో మూడు సంగతులు అడగండి. మా పల్లెకు మెరక మీద ఇళ్ల స్థలాలు ఎప్పుడిస్తారు? షెల్టర్ తాళం ఎవరి దగ్గర ఉంది? నష్టం జాబితాలో కౌలుదారుకు, కూలీకి గడి ఉందా?

మా నాయనమ్మ పోయేదాకా మబ్బు పడితే చాలు, పిల్లల్ని లెక్కపెట్టుకునేది.

వచ్చే భాగంలో 1996 కోనసీమ. మీ ఇళ్లలో పెద్దవాళ్లుంటే ఆ రాత్రి సంగతి ఇవాళే అడిగి రాసిపెట్టుకోండి.

జై భీమ్.