అమెరికన్ దేశీ (సినిమా)

అమెరికన్ దేశీ 2001లో విడుదలైన ఒక ఆంగ్ల ప్రేమకథా హాస్యచిత్రం. దీని రచయిత, దర్శకుడు పీయూష్ దింకర్ పాండ్యా. అమెరికాలో పుట్టి పెరిగిన భారతీయ సంతతి విద్యార్థుల కళాశాల జీవితం ఈ చిత్రానికి ఇతివృత్తం. స్వల్ప వ్యయంతో నిర్మించిన ఈ స్వతంత్ర చిత్రంలో సంభాషణలు ప్రధానంగా ఆంగ్లంలోను, అక్కడక్కడ హిందీలోను ఉంటాయి.

నేపథ్యం

1946 నాటి చట్టం ప్రకారం భారతదేశం నుండి ఏడాదికి సుమారు 100 మంది మాత్రమే అమెరికాకు వలస వెళ్ళే వీలుండేది. 1965లో వచ్చిన వలస చట్టం దేశాలవారీ పాత కోటాలను రద్దు చేసి, వృత్తి నైపుణ్యం కలవారికీ కుటుంబ సభ్యులకూ ప్రాధాన్యమిచ్చింది. దీనితో వైద్యులు, ఇంజనీర్లు పెద్దసంఖ్యలో అక్కడ స్థిరపడ్డారు. వారి పిల్లలు 1980, 1990 దశకాలలో కళాశాలలకు చేరుకున్నారు. ఇంట్లో ఒక సంస్కృతి, బయట మరొక సంస్కృతి మధ్య పెరిగిన ఈ తరాన్ని 'అమెరికాలో పుట్టిన అయోమయపు దేశీ' అనే అర్థంలో 'ఏబీసీడీ' అని పరిహాసంగా పిలుస్తారు. ఈ చిత్రం ఆ తరానికి చెందిన కథ.

కథ

కృష్ణ రెడ్డికి తన భారతీయ మూలాలంటే చిన్నచూపు. తనను అందరూ 'క్రిస్' అని పిలవాలని కోరుకుంటాడు. కళాశాలలో చేరి ఇంటి వాతావరణానికి దూరం కావచ్చని ఆశపడతాడు. కాని వసతిగృహంలో అతనితో ఉండేవారంతా భారతీయ సంతతివారే. అక్కడ నీనా షా అనే అమ్మాయిని చూసి ఇష్టపడతాడు. ఆమె కూడా భారతీయ సంతతికి చెందినదని, పైగా భారతీయ విద్యార్థి సంఘంలో చురుకుగా పాల్గొంటుందని ఆ తరువాత తెలుస్తుంది. ఆమె మెప్పు కోసం అతడు కూడా సంఘంలో చేరతాడు. సంఘం అధ్యక్షుడు రాకేష్ పటేల్ అతనికి పోటీదారు. గదిలోని మిత్రుల సాయంతో కృష్ణ తాను ఇంతకాలం తోసిపుచ్చిన అలవాట్లను, నవరాత్రి నృత్యాన్ని నేర్చుకుంటాడు. ప్రేమ కోసం మొదలుపెట్టిన ఈ ప్రయత్నం చివరకు అతడు తన్ను తాను అంగీకరించడానికి దారితీస్తుంది.

పాత్రలు, నటులు

కృష్ణ రెడ్డిగా దీప్ కాట్దరే, నీనాగా పూర్వా బేడీ నటించారు. జగ్జీత్ సింగ్ (రోనోబీర్ లాహిరి) చిత్రకళపై మక్కువ ఉన్నా తండ్రి కోసం ఇంజనీరింగ్ చదువుతుంటాడు. సలీం అలీ ఖాన్ (రిజ్వాన్ మాంజీ) సంప్రదాయవాది; అమెరికాలో పెరిగిన అమ్మాయిలు గృహిణులుగా పనికిరారని అతని నమ్మకం. అజయ్ పాండ్యా (కాల్ పెన్) హిప్‌హాప్ సంగీతాన్ని, ఆఫ్రికన్ అమెరికన్ యువకుల మాటతీరును అనుకరిస్తాడు.

కాల్ పెన్ అసలు పేరు కల్పేన్ మోదీ. మొదటి పేరునే రెండుగా విడదీసి తెరపేరు చేసుకున్న తరువాత తనకు ఆడిషన్ల పిలుపులు పెరిగాయని ఆయన చెప్పాడు. పేరును కుదించుకునే అవసరం కథలోని కృష్ణకు మాత్రమే పరిమితం కాదని దీనివల్ల తెలుస్తుంది. ఆయన తరువాత 'ది నేమ్‌సేక్' చిత్రంలో నటించాడు. 2009లో అమెరికా అధ్యక్ష భవనంలో ఉద్యోగంలో చేరాడు.

విశేషాలు

కథానాయకుని ఇంటిపేరు తెలుగువారిలో విరివిగా కనిపించేదే. అయినా అతడు తిరిగి అందుకునే సంస్కృతిలో ప్రధానంగా కనిపించేవి హిందీ సినిమా, గుజరాతీ దాండియా. తెలంగాణలో దాదాపు అవే రోజులలో బతుకమ్మ ఆడతారు. భిన్న భాషల పిల్లలు ప్రవాసంలో కలిసినప్పుడు 'భారతీయత' ఏ రూపం తీసుకుంటుంది, అందులో ఎవరి ఇంటి భాష వెనుకబడుతుంది అనే ప్రశ్నకు ఈ చిత్రం ఒక ఉదాహరణ.

ఇటువంటి ఇతర చిత్రాలు

పడమటి సంధ్యారాగం (1987): జంధ్యాల దర్శకత్వం వహించిన తెలుగు చిత్రం. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబానికి చెందిన అమ్మాయిగా విజయశాంతి, ఆమెను ప్రేమించే అమెరికన్ యువకునిగా థామస్ జేన్ నటించారు.

హైదరాబాద్ బ్లూస్ (1998): నగేష్ కుకునూర్ చిత్రం. అమెరికా నుండి హైదరాబాదుకు వచ్చిన యువకుడు సొంత ఊరిలోనే పరాయివాడైన వైనం ఇందులో ఉంది.

బెండ్ ఇట్ లైక్ బెక్‌హాం (2002): గురీందర్ చద్దా చిత్రం. లండన్‌లో ఫుట్‌బాల్ ఆడాలనుకునే పంజాబీ అమ్మాయి కథ.